పెనుకొండలో ఉగ్గాని తిన్నాక

నా చెల్లెలంటే నాకు కుళ్ళు. చిన్నప్పటి నుంచీ ఉన్నదే, ఇప్పుడు దాచేదేముంది. దానికి పట్టులంగా కుట్టిస్తే మిగిలిన గుడ్డతో నాకు రవిక. అది పెళ్ళయి హిందూపురం పోయింది. ఎప్పుడో ఒకసారి చుట్టంలా వచ్చి, అమ్మతో తల దువ్వించుకుని పోతుంది. ధర్మవరంలో అమ్మతో ఉన్నది నేను.

అమ్మ మగ్గాలకు అచ్చు అతికేది. అంటే అయిపోయిన పడుగు చివర్లకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టడం. ఆమె అతికితే పోగు ఊడదని మా వీధిలో పేరు. అలాంటిది పోయిన శ్రావణానికి ముందు అంచు పోగుల్ని తెచ్చి చీర నడిమి ఒంటి పోగులకు అతికింది. మగ్గం ఆయన మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. అప్పటికే ఆమె ఖాళీ పొయ్యి వెలిగించి పోవడం చూస్తున్నాను.

హిందూపురంలో మెదడు జబ్బుల డాక్టరమ్మ ఉందని చెల్లెలే చెప్పింది. పరీక్షలన్నీ అయ్యి, ఫలితం చెప్పే రోజున ముగ్గురం ఆమె గదిలోకి పోయాం. డాక్టరమ్మ నా వైపు చూడలేదు, చెల్లెలి వైపూ చూడలేదు. కుర్చీ జరుపుకుని అమ్మకు ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నీకేమైందో తెలిసింది. నీకే చెప్పమంటావా? చెప్పేటప్పుడు పక్కన ఎవరుండాలి?"

నేను అప్పటికే కొంగు సర్దుకుని ముందుకు జరిగాను.

"నాకే చెప్పు తల్లీ" అంది అమ్మ. "చిన్నది ఉండనీ. పెద్దదాన్ని బయట కూర్చోమను."

ఒళ్ళు మండిపోయింది. మందులు మింగించేది నేను. దారి తప్పితే వీధులన్నీ వెతికేది నేను. తీరా అసలు మాట వినడానికి అదా? బయట బెంచీ మీద కూర్చుని ఆ తలుపు వైపే చూస్తూ ఉన్నాను.

చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "అక్కా, నీకు అమ్మనే చెప్తాదంట. నన్ను చెప్పొద్దనింది."

"ఓహో! నువ్వు ముందు, నేను యెనకనా?" అని కసిరి, లోపలికి పోయి డాక్టరమ్మనే అడిగాను.

"జబ్బు ఆమెది. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో ఆమె ఇష్టం" అందామె. "మీకు తానే చెప్పాలని పట్టుబట్టింది. చెప్పనివ్వండి. ఆ తర్వాత ఏం అడగాలన్నా నాకు ఫోన్ చేయండి."

బస్సులో అమ్మతో మాట్లాడలేదు. పెనుకొండలో ధర్మవరం బస్సు కోసం దిగితే, నన్ను హోటల్లోకి లాక్కుపోయి బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెప్పింది.

"నాకొద్దు."

"ముందు తిను."

ఆ మాటతో నాకు తెలిసిపోయింది. మా ఇంట్లో చెడ్డమాట ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళకు చెప్పరు. విన్నాక ఎలాగూ ముద్ద దిగదు కదా. నాయన పోయిన రోజు కూడా అమ్మ నాకు సంగటి పెట్టి, తిన్నాకే చెప్పింది.

తిన్నాను. చేయి కడుక్కుని రాగానే నా చేయి పట్టుకుంది.

"పాపా, నా తలకాయకు జబ్బంట. డిమెన్షియా అంటారంట. నయం కాదంట, మందులేసుకుంటే కొన్నాళ్ళు నిదానంగా పోతాదంట. పోనుపోను నిన్నే ఎవురు నువ్వు అని అడుగుతానంట. అప్పుడు మనసులో పెట్టుకోవాకు."

"చిన్నదాన్నే కదా లోపల పెట్టుకుంటివి" అన్నాను ఏడుస్తూనే. సిగ్గులేదు నాకు.

"అది ఎవురు చెప్పినా ఓర్చుకుంటాది. నువ్వు నేను చెప్తేనే ఓర్చుకుంటావు."

అంత మాట విని కూడా, బస్సెక్కాక లోలోపల పొంగిపోయానంటే నమ్ముతారా? చెల్లెలికి డాక్టరు చెప్పింది. నాకు అమ్మ చెప్పింది.

మర్నాడు పొద్దున అమ్మ నా ముందు పళ్ళెం పెట్టింది. "ముందు తిను పాపా. నీకొక మాట చెప్పేది ఉండాది."

చెప్పినట్టు ఆమెకు గుర్తులేదు. చెప్పాలన్నది మాత్రం గుర్తుంది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "నిన్ననే చెప్పావని మీరంటే ఆమె కంగారు పడుతుంది. అప్పుడే తెలిసినట్టు వినండి" అంది.

ఇప్పటికీ ఆ పళ్ళెం వస్తూనే ఉంది. తింటాను, చేయి కడుక్కుంటాను, ఆమె నా చేయి పట్టుకుని చెప్తుంది, నేను ఏడుస్తాను. మొన్న చెల్లెలు ఫోన్ చేసి "ఎట్లుండాది అక్కా?" అంటే మాట్లాడకుండా పెట్టేశాను. అది ఒక్కసారే విన్నది.