రెండు వందల యాభై గ్రాముల లోపు

ముప్పై ఏళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. లెక్క తప్పు చేసినవాణ్ణి ఎన్నోసార్లు క్షమించాను గానీ, పుస్తకం వెనక జవాబు చూసి దానికి తగ్గట్టు లెక్క అల్లుకొచ్చినవాణ్ణి ఒక్కసారీ వదల్లేదు. అలాంటి నేను కిందటేడు మూడు నెలలకు పైగా, రోజూ సాయంత్రం, మా ఆవిడకి అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం మా మిరప చేను గురించి.

మా ఇంట్లో సేద్యం ఆమెది. పెళ్ళయిన కొత్తలోనే నాకు బడి, ఆమెకు చేను అని తేలిపోయింది. అద్దంకి నుంచి దర్శి వెళ్ళే వైపు, ఊరి చివర మా ఇల్లు, కాలువ దాటితే మా రెండెకరాలు. ఏ సాలులో నీళ్ళు నిలుస్తాయో, ఏ మూల మొక్క ముందుగా పూతకొస్తుందో ఆమెకు తెలిసినంత బాగా నాకు నా తరగతి పిల్లల పేర్లు కూడా తెలియవు. ముప్పై ఏళ్ళ మిరప ఘాటు, కళ్ళంలో దుమ్ము, పురుగుమందులు అన్నీ కలిసి చివరికి ఆమె ఊపిరితిత్తుల మీద పడ్డాయి. ఆ ఏడు నారు నాటిన కొద్ది రోజులకే, ఏడాది పాటు మిరప చేలో అడుగు పెట్టకూడదని, కళ్ళం ఛాయలకు కూడా వెళ్ళకూడదని గుంటూరు డాక్టరుగారు నిక్కచ్చిగా చెప్పేశారు. దుఃఖపడినా ఆయాసం వస్తుంది, జాగ్రత్త అన్నారు. అది నిజమని మాకు అంతకు ముందే తెలుసు. వాళ్ళమ్మ పోయిన రోజు ఆమె ఏడ్చి ఏడ్చి, మధ్యాహ్నానికి ఆక్సిజన్ మీదికి వెళ్ళింది. ఆనాడు ఆసుపత్రి వరండాలో నేను పడ్డ భయం ఇప్పటికీ పోలేదు.

అలా చేను నా చేతికొచ్చింది. దసరా వెళ్ళాక ఈశాన్యం మూల బొబ్బర తెగులు తగిలింది. ఆకులు ముడుచుకుపోయాయి, మొక్కలు గిడసబారాయి. వ్యవసాయాధికారి వచ్చి చూసి, తెగులు పట్టినవన్నీ పీకేయకపోతే మిగతా చేను కూడా దక్కదన్నారు. పీకాల్సింది దాదాపు అరెకరం. కూలీలను పిలిస్తే పొద్దుగూకేలోపు మా ఆవిడకి కబురు చేరిపోతుంది. అందుకని బడికి వెళ్ళేలోపు కొంత, ఆదివారాలు కొంత, నేనొక్కణ్ణే పీకాను. పక్క చేను రైతును గడ్డం పట్టుకుని బతిమాలుకున్నాను, ఈ మాట ఊళ్ళో అనొద్దని. మొక్క వేళ్ళతో సహా ఊడి చేతికి వస్తుంటే నాటిన ఆమె చేతులే గుర్తొచ్చేవి. చేలో ఎవరూ లేరు కదా అని ఏడ్చేవాణ్ణి.

ఇంటికి రాగానే ఆమె అడిగేది. "చేను ఎట్టా ఉంది మాస్టారూ?"

ఊరంతా నన్ను మాస్టారూ అంటారు. ఆమె కూడా అంతే, కాకపోతే ఆమె నోట ఆ మాటలో కొంచెం వెక్కిరింత ఉంటుంది.

"బ్రహ్మాండంగా ఉంది."

"ఈశాన్యం మూల?"

"అక్కడైతే కాయ విరగ్గాసింది."

బొంకరా బొంకరా అంటే టంగుటూరు మిరియాలు తాటికాయలంత అన్నాడట వెనకటికి ఒకడు. నేను వాణ్ణి మించిపోయాను. లేని మొక్కలకు పూత తెప్పించాను, పిందె తెప్పించాను, జనవరి నాటికి కాయలు పండించాను కూడా. ఆమె డాబా మీద కుర్చీ వేసుకుని కాలువ వైపు చూస్తూ నా మాటలు వినేది. కాలువ గట్టున తుమ్మచెట్లు అడ్డం కాబట్టి చేను కనపడదు. ఆ తుమ్మచెట్లకు నేను రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

అలా ఉండగా నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె మమ్మల్ని చూడ్డానికొచ్చింది. అద్దంకిలో ఫొటో స్టూడియో నడుపుతోంది, పెళ్ళిళ్ళు తీస్తుంది. మా ఆవిడ డాబా మీద మునివేళ్ళ మీద నిలబడి మెడ సాచి చేను కోసం చూడ్డం ఆ పిల్ల కంటపడింది. మర్నాడే మళ్ళీ వచ్చి, ఒక చిన్న డ్రోను తెచ్చి మా ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"నేను పెద్దది కొనుక్కున్నానమ్మా. ఇది ఊరికే పడుంది. మాస్టారు ఎగరేస్తే మీరు ఫోన్లో చేను మొత్తం చూసుకోవచ్చు."

ఆ పిల్లకి నేను ఎనిమిదో తరగతిలో నూటికి నూరు వేసినందుకు మొదటిసారి విచారించాను.

అయితే ఆ అమ్మాయే ఒక ఉపాయం కూడా అందించింది. "ఒక్కటే మాస్టారూ, బరువు చూసుకోండి. రెండొందల యాభై గ్రాముల లోపైతే మీకు పెద్దగా గొడవ లేదు. దాటిందంటే నంబరనీ, రిజిస్ట్రేషననీ, బోలెడు తతంగం. కొన్నప్పుడు ఇది లోపలే ఉండేది. ఒక పెళ్ళిలో కొబ్బరిచెట్టుకి కొట్టుకుని, రెక్కను మోసే చెయ్యి ఒకటి విరిగింది. అతుకులేయించి, రక్షణకని ఏవేవో తగిలించాను. ఇప్పుడెంత ఉందో నాకూ తెలీదు."

పచ్చళ్ళ కోసం కొన్న చిన్న కాటా వంటింట్లో ఉంది. తెచ్చి తూచాను. రెండు వందల ఎనభై ఏడు.

"అయ్యో," అన్నాను, లోపల పొంగిపోతూ. "ముప్పై ఏడు ఎక్కువ. ఎగరేయడానికి లేదు. చట్టం చట్టమే."

ట్రాఫిక్ వాళ్ళు ఎదురైతే తప్ప హెల్మెట్ గుర్తురాని మనిషిని నేను. నాకు చట్టం మీద అంత భక్తి ఎప్పుడు పుట్టిందోనని మా ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత డ్రోనును అటూ ఇటూ తిప్పి, బ్యాటరీ పుటుక్కున ఊడదీసి, మిగతాది కాటా మీద పెట్టింది.

"రెండొందల అయిదు. ఇంకా నలభై అయిదు మిగిలింది. ఎగరేయండి."

"బ్యాటరీ లేకుండా అదెట్లా ఎగురుతుందే?"

"గోతం లేకుండా మిరపకాయలు మార్కెట్ యార్డుకి వస్తాయా? రావు గదా. అయినా గోతం బరువు తీసేసే గదండీ లెక్క కట్టేది? ముప్పై ఏళ్ళు నా కాయల దగ్గర గోతానికింత, తేమకింత అని తరుగు తీశారు. ఇవాళ తరుగు తీసే వంతు నాది."

ఇది తమాషాకి అన్న మాట కాదు. ఆమె నిజంగానే అలా అనుకుంది. సరుకంటే గోతం తీసేసిన తర్వాత మిగిలేది, ఆమె ఎరిగిన కాటాలన్నీ అలాంటివే. ఎంత చెప్పినా వినకపోతే స్టూడియో అమ్మాయికి ఫోన్ చేశాం. "కాదమ్మా, నేల వదిలి పైకి లేచేదంతా బరువే. బ్యాటరీతో కలిపే," అని ఆ పిల్ల తీర్పు చెప్పింది.

"అయితే ఆ రూలు రాసినాయన ఎప్పుడూ యార్డు మొహం చూళ్ళేదన్నమాట," అంది మా ఆవిడ. కాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది. గండం గడిచిందనుకుని నేను కాఫీ పెట్టడానికి లేచాను. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళజోడు పెట్టుకుని, చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని డ్రోను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

ఆ వారం రోజులూ నేను ఎంత సంతోషపడ్డానో అంత చచ్చాను. చేను మానేసినప్పటి నుంచీ ఆమె చేతులకి పని లేదు. కంచంలో అన్నం సగం వదిలేసేది, పిలిస్తే రెండోసారికి గానీ పలికేది కాదు. ఇప్పుడు పొద్దున లేవగానే డ్రోను. రెక్కల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంచెలు తీసేసింది, పంతొమ్మిది గ్రాములు తగ్గాయి. దుమ్ములో దిగినా పాడవకుండా తగిలించిన పొడుగు కాళ్ళు ఊడదీసింది, తొమ్మిది పోయాయి.

"కాళ్ళు లేకుండా ఎక్కడ దిగుతుంది? దుమ్ము దూరిందంటే దాని పని అయిపోయినట్టే," అన్నాను ఆశగా.

"చేటలో దిగుతుంది."

స్టూడియో పేరున్న స్టిక్కర్లు, రాత్రి పెళ్ళిళ్ళకి పెట్టిన చిన్న లైటు తీసేస్తే నాలుగు. ఒక్కొక్క గ్రాము తగ్గుతున్నకొద్దీ నా అబద్ధానికి ఆయుష్షు తగ్గుతోంది. బడిలో బోర్డు మీద తీసివేతలు చేస్తూ తప్పులు రాసేవాణ్ణి. చెప్పేద్దామని ఇంటికి వచ్చేవాణ్ణి. ఆమె కాటా ముందు కూర్చుని, ఊపిరి తగిలితే అంకె మారుతుందని పమిట నోటికి అడ్డం పెట్టుకుని చూస్తుండేది. ఆ మొహం చూశాక కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

రెండు వందల యాభై అయిదు దగ్గర ఆగిపోయింది. ఇంక తీయడానికి ఏమీ లేదు. విరిగిన చేతికి వేసిన అల్యూమినియం బద్ద, దాని మీద గట్టిపడిన జిగురు ముద్ద మాత్రం మిగిలాయి. అవి తీస్తే చెయ్యి ఊగిపోతుంది. రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు ఆమె బద్ద ఊడదీసి, ఆ ముద్దంతా బ్లేడుతో గీకి పారేసింది. కొత్త చీపురులోంచి మూడు ఈనెలు లాగి, విరిగిన చోట చుట్టూ పేర్చి, మల్లెపూలు కట్టే దారంతో బిగించి, జిగురు పూసింది. ఆరాక నన్ను పిలిచింది.

రెండు వందల నలభై తొమ్మిది.

"మాస్టారూ, ఇప్పుడు మీ చట్టం ఏమంటుంది?" అంది. ఎన్నో నెలల తర్వాత ఆమె అలా నవ్వింది. నాకు సంతోషంతో కడుపు నిండింది, అయినా అంకె మారుతుందేమోనన్న ఆశతో ఇంకోసారి తూచాను.

వారం పాటు డాబా మీదే దాన్ని ఎగరేయడం నేర్చుకున్నాను. నాకు చాలా త్వరగా వచ్చేసింది, అది నా దురదృష్టం. చివరికి ఒక ఆదివారం, గాలి లేని పొద్దున, డాబా మీద చేట పెట్టి, అందులోంచి డ్రోనును పైకి లేపాను. ఇన్‌హేలరు నా చొక్కా జేబులో ఉంది. ఎండకి ఫోను కనపడదని ఆమె నా పక్కన నిలబడి పమిట కొంగు దాని మీద గొడుగులా పట్టింది. మేమిద్దరం ఆ కొంగు కింద తలలు దూర్చాం.

తుమ్మచెట్లు కిందికి వెళ్ళిపోయాయి. కాలువ దాటింది. మా చేను.

"అదుగో, అదుగో," అంది ఆమె. ఎర్రబారుతున్న కాయల మధ్య సాళ్ళు వరసగా కనపడుతున్నాయి. "నీళ్ళు బానే పెట్టారే! ఆ నడిమి సాలు కొంచెం వెలితి. పర్లేదు. ఇంకొంచెం ముందుకి పోనీండి. ఈశాన్యానికి."

"బ్యాటరీ అయిపోతోందే."

"డెబ్బై ఒకటి ఉందిగా, ఇక్కడ రాసి."

నేను చేసిన చివరి ప్రయత్నం అది. రిమోటు మీది పుల్లను ముందుకి నెట్టాను.

పచ్చదనం ఒక చోట తెగిపోయింది. ఆ తర్వాతంతా వట్టి నల్లమట్టి. అరెకరం మేర ఒక్క మొక్క లేదు, గట్టు మీద మాత్రం ఎండిన మొక్కల కుప్ప. పైనుంచి చూస్తే నేను అనుకున్నదాని కంటే పెద్దగా ఉంది. నేను ఫోను చూడ్డం మానేసి ఆమె గొంతు కింది గుంట చూస్తున్నాను. ఆయాసం మొదలైతే ముందు అక్కడ తెలుస్తుంది.

"పీకినవి గట్టు మీదే పోశారే. తగలబెట్టలేదా?" అంది.

"తెలీలేదు."

"బొబ్బరా?"

"ఊఁ."

"ఎప్పుడు?"

"దసరా వెళ్ళాక."

"ఎవరెవరు పీకారు?"

"నేనే."

"మీరూ, ఇంకా?"

"నేనొక్కణ్ణే."

"ముందు దాన్ని దించండి," అంది.

వెనక్కి తెచ్చి చేటలో దించాను. రెక్కలు ఆగేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. నీకేమన్నా అవుతుందని భయపడ్డానే, మీ అమ్మ పోయినప్పుడు చూశాను గదా, అందుకే చెప్పలేదు, చేలోనే ఒక్కణ్ణే ఏడ్చుకున్నాను, అని ఏదేదో అన్నాను. లెక్కల మాస్టారిని, ఒక్క వాక్యమూ సరిగ్గా పూర్తి చేయలేకపోయాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మాస్టారూ, అది నా చేను."

"అవును."

"పోయినవి నేను నాటిన మొక్కలు. ఏడవాల్సింది నేను గదండీ. నా ఏడుపు కూడా మీరే ఏడ్చేసి వస్తే ఎట్టా?"

అని, పట్టపగలు, ఊరందరికీ కనపడే ఆ డాబా మీద నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అరెకరం మొక్కల కోసం ఒక మనిషి అంత ఏడవగలదని నాకు తెలియదు. దగ్గొచ్చింది. ఆ తర్వాత ఆయాసం కూడా వచ్చింది. నేను ఇన్‌హేలరు తీసిచ్చాను. రెండుసార్లు పీల్చి, కుర్చీలో కూర్చుని, ఊపిరి నిదానించేదాకా నా చెయ్యి వదల్లేదు. నిదానించాక మళ్ళీ ఏడవడం మొదలుపెట్టింది. ఈసారి నేను ఆపలేదు. పక్కనే నేల మీద కూర్చుని ఆమెతో పాటు ఏడ్చాను.