వైరు లేని మీటరు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. చనిపోయినవాళ్లు కలలో కనిపించారని చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెప్పడం మొదలుపెడితే మెల్లగా బయటికి జారుకునే రకాన్ని. ఇరవై ఏళ్లుగా ట్రాక్టరు నడుపుతున్నాను. ఇంజనుకి కావలసింది నీళ్లు, ఆయిలు, డీజిలు, ఆత్మలతో దానికేం పని అని వాదించేవాణ్ని. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మాది అద్దంకి దగ్గర ఊరు. నాకు ట్రాక్టరు నేర్పింది మా మేనమామ శామ్యేలు. మెకానిక్కు. ఎవరి బండినైనా సొంత బిడ్డలా చూసుకునేవాడు. మమ్మల్ని మాత్రం నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

పత్తి తోలే రోజుల్లో గాల్లో ఎగిరే దూది రేడియేటరుకి పట్టేసి గాలి ఆడనివ్వదు. ఇంజను వేడెక్కిపోతుంది. అందుకని మేమంతా ముందు జాలీకి పాత నూలు చీర ముక్క కడతాం. దూది ఆ గుడ్డకే అంటుకుంటుంది. లోడుకొకసారి విప్పి దులపాలి, పత్తి పని అయిపోయాక తీసేయాలి. "గుడ్డ కట్టటం ప్రతి ఎదవకీ వచ్చురా, విప్పటం గుర్తుండాల" అనేవాడు మామ.

నా బండిలో వేడి చూపించే మీటరు పాడైతే, ఇంజనులో ఉండే దాని సెన్సరును మామే పీకేశాడు. ఆ బొక్కకి ఒక బోల్టు బిగించాడు. మీటరు వెనక వైరు ఊడదీసి, చుట్టి, నల్ల టేపు వేశాడు.

"కొత్తది నేను తెచ్చి పెడతాలేరా అబ్బాయ్, నువ్వు కంగారు పడమాక" అన్నాడు.

ఆ నెలలోనే గుండెపోటుతో పోయాడు. నేనూ మళ్లీ పట్టించుకోలేదు. రెండేళ్లు ఆ మీటరు ముల్లు అడుక్కి పడిపోయే ఉంది.

పోయిన ఏడాది మార్చిలో, మిరప కోతలప్పుడు జరిగింది ఇది. మధ్యాహ్నం మూడు గంటల ఎండ. ట్రాలీలో కల్లం నుంచి ఎత్తిన మిరపకాయల బస్తాలు, వాటి మీద పద్నాలుగు మంది కూలి ఆడవాళ్లు. అందులో నా భార్య సునీత కూడా ఉంది. లోడు మీద మనుషుల్ని ఎక్కించుకోవడం తప్పని తెలుసు. తెలిసీ అందరం చేస్తాం.

దారిలో సాగర్ కాలవ కట్ట ఎక్కాలి. అక్కడ రోడ్డు నిటారుగా ఉంటుంది. ఎడమ పక్కన ఎప్పుడో కట్ట కోసం మట్టి తవ్విన గుంత, నిండా నీళ్లు. ట్రాలీకి బ్రేకులుండవు. ఊపు మీద ఎక్కేయాలే తప్ప మధ్యలో బండి ఆగిందంటే అంతే సంగతులు.

గేరు మారుస్తూ ఎందుకో కిందికి చూశాను. ముల్లు కదులుతోంది. కుదుపుకి అదరడం కాదు. మెల్లగా, నిలకడగా లేచి, ఎర్ర గీత దాటి అక్కడే నిలబడింది.

కట్ట మొదట్లోనే బ్రేకు తొక్కేశాను.

"ఏందయ్యా, ఈడ ఆపావు?" అని పైనుంచి కేకేసింది సునీత.

"దిగండి. అందరూ దిగండి" అన్నాను.

చివరామె దిగి నాలుగడుగులు వేసిందో లేదో, రేడియేటరు పైపు ఠప్పున పగిలింది. కుతకుతలాడే నీళ్లు, ఆవిరి. నేను ఆపేలోపే ఇంజను పట్టేసి ఆగిపోయింది.

ముందుకెళ్లి చూస్తే జాలీకి ఆ చీర ముక్క ఇంకా అలాగే ఉంది. పత్తి తోలడం అయిపోయి నెల దాటింది. దూది, దుమ్ము కలిసి బొంతలా గట్టిపడింది. కట్టింది నేనే, విప్పడం మరిచిందీ నేనే. మళ్లీ బండెక్కి మీటరు చూశాను. ముల్లు అడుక్కి పడిపోయి ఉంది.

మర్నాడు వచ్చిన మెకానిక్కు బాషాకి అంతా చెప్పాను. మామ బిగించిన బోల్టు తుప్పు పట్టి అలాగే ఉంది. టేపు కూడా చెక్కుచెదరలేదు.

"వైరే లేదు గదన్నా, ముల్లెట్టా లేచుద్ది? కుదుపుకి లేచుంటదిలే" అన్నాడు.

రెండేళ్లు అవే గతుకుల్లో తిరిగాను, ఒక్కసారీ లేవలేదు. ఆ తర్వాత ఈనాటి వరకూ లేవలేదు. ముల్లును చూసింది నేనొక్కణ్నే, అది ఒప్పుకుంటాను. కానీ పైపు పగలడం పద్నాలుగు మంది చూశారు. పాస్టరుగారు దేవుడి కృప అన్నారు. సునీత మాత్రం, "పెడతానని మాటిచ్చాడు గదా మామ, పెట్టి పోయాడు" అంది. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

కొత్త మీటరు పక్కన వేయించాను. పాతదాన్ని తీయనివ్వలేదు. లోడుకొకసారి గుడ్డ విప్పి దులుపుతున్నాను.

పైపు పగిలిన రోజు సాయంత్రం పద్నాలుగు మందీ ఊరిదాకా నడవాల్సి వచ్చింది. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నారు. నేను వెనకే నడిచాను. అందరిలోకీ సునీత గొంతే గట్టిగా వినిపిస్తోంది. అంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు. మామా, నీకు వందనాలు.