రెండు పెడళ్ళ కారు

వికారాబాద్‌లోని మిషన్ దవాఖానాలో మార్త కాన్పులు చేసే నర్సు. చిన్నతనంలో వచ్చిన జ్వరానికి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. నడవగలదు గానీ, ఆ కాలితో దేన్నీ గట్టిగా తొక్కలేదు. అందుకే ఎడమకాలితో క్లచ్ తొక్కాల్సిన దవాఖానా జీపు నడపాలన్న కోరిక కోరికగానే మిగిలింది. డ్రైవర్ నజీర్ వేరే ఊరికి పోయిన రోజుల్లో మర్పల్లి దిక్కు పల్లెలకు ఎద్దుబండి మీద పోయేది. చాలాసార్లు ఆమె గడప తొక్కేసరికే కాన్పు అయిపోయేది. రెండు మూడు ఇళ్ళలో పసిపాప ఏడుపు వినబడనేలేదు. అందులో ఒకటి, కోడలి కాన్పుకు పిలిచిన శాంతవ్వ ఇల్లు.

పంతొమ్మిదివందల యాభై తొమ్మిదిలో దవాఖానా పెద్ద డాక్టరమ్మ సెలవు మీద తన దేశం వెళ్ళి, వస్తూ వస్తూ ఓ చిన్న కారు ఓడలో తెప్పించుకుంది. అందులో బ్రేకు, యాక్సిలేటరు తప్ప మూడో పెడల్ లేదు. గేర్ పిడి మీద చెయ్యి వేస్తే, ఇంజనును చక్రాలకు కలిపే క్లచ్ దానంతటదే విడిపోతుంది, చెయ్యి తీస్తే మళ్ళీ పట్టుకుంటుంది.

"క్లచ్ లేని బండి గూడ బండేనా మార్తమ్మా?" అని నజీర్ మొహం చిట్లించాడు.

మొదటి రోజే అతని ఎడమకాలు అలవాటుకొద్దీ క్లచ్ అనుకుని బ్రేకును తొక్కింది. డాక్టరమ్మ నుదురు అద్దానికి తగిలినంత పనైంది. ఆ మర్నాడు మార్తను ఎక్కించుకుని అనంతగిరి గుట్ట ఎక్కుతుంటే అతని చెయ్యి ఊరికే గేర్ పిడి మీద వాలింది. ఇంజను హోరుమంది, కారు మాత్రం మెల్లగా వెనక్కి జారసాగింది.

"నజీర్ భాయ్, చెయ్యి దీయ్!" అని అరిచింది మార్త.

చెయ్యి తీయగానే కారు ఓ కుదుపు కుదిపి పైకి అందుకుంది. గుట్ట పైన ఆపి నజీర్ రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇన్నేండ్ల అలవాటు, ఎట్ల పోతదమ్మా? నీకైతే ఏ అలవాటూ లేదు. కుడికాలు మంచిగనే ఉన్నది గద. నువ్వే నేర్చుకో."

మార్త స్టీరింగ్ వంక చూసింది. తల ఊపింది.

డాక్టరమ్మ సరేనంది. రోజూ పొద్దున్నే రైల్వే స్టేషన్ వెనక మైదానంలో నజీర్ ఆమె పక్కన కూర్చుని నేర్పేవాడు. కారు ఆగిపోతే ఆమె కన్నా అతనికే ఎక్కువ పరేషాన్.

లైసెన్సు కోసం వెళితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆమె కాలు చూసి, "ఆ కాలితోని క్లచ్ ఎట్ల తొక్కుతవమ్మా?" అన్నాడు.

"గీ కారుకు క్లచ్ పెడలే లేదు సార్. మీరే కూసోని చూడుండ్రి."

ఆయన ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. దారి సంగతి మరిచి ఆమె పాదాల వంకే చూస్తూ ఊరంతా తిరిగాడు. దిగి లైసెన్సు ఇప్పించాడు.

ఆ ఏడు జొన్నకోతలప్పుడు శాంతవ్వ కోడలికి మళ్ళీ నొప్పులు మొదలయ్యాయి. కబురు అందగానే మార్త ఒంటరిగా కారు తీసింది. ఆమె చేరేటప్పటికి కోడలు ఇంకా వాకిట్లో పచార్లు చేస్తోంది. మార్తకు తీరిగ్గా చేతులు కడుక్కునే వ్యవధి దొరికింది. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టి ఇల్లు అదిరిపోయేలా ఏడ్చింది.

"ఈపారి ముందుగల్లనే వచ్చినవ్ బిడ్డా," అంది శాంతవ్వ. మార్త పిల్లను వేన్నీళ్ళతో తుడిచి ఆమె ఒళ్ళో పెట్టింది.

నాలుగేళ్ళకు ఆ గేర్ పిడి లోపలి యంత్రం చెడింది. దాని సామాను ఎక్కడా దొరకలేదు. పరిగిలో బండ్లు బాగుచేసే మేస్త్రీ జహూర్ మామూలు క్లచ్ పెడల్ బిగిస్తానన్నాడు. ఇక తను నడపలేనని మార్త తాళంచెవి నజీర్‌కు అందించబోయింది.

నజీర్ తీసుకోలేదు. "కాలికెందుకు భాయ్? చేతికే పెట్టు," అన్నాడు జహూర్‌తో.

ఇద్దరూ కూడి స్టీరింగ్ కింద పొడుగాటి ఇనుప పిడి ఒకటి అమర్చారు. కుడిచేతి వేళ్ళతో దాన్ని లాగితే క్లచ్ విడుతుంది, ఎడమచెయ్యి గేరు మారుస్తుంది. మొదటి రోజు మార్త నడుపుతుంటే పరిగి బస్టాండు ముందే కారు మూడుసార్లు ఆగింది. వెనక బస్సు డ్రైవర్ హారన్ మోగించాడు.

"మోగనియ్ తియ్యి. ఫికర్ చెయ్యకు," అన్నాడు నజీర్.

మార్త నవ్వి పిడి లాగింది. నాలుగోసారి బండి కదిలింది. మర్పల్లి దిక్కు పల్లెలకు ఆ కారు ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు తిరిగింది.