మంచం కింద చోటు

ఆస్పత్రి వరండాలో చాప కనిపిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కోవిల్‌పట్టిలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నామె ఒళ్లో చుట్టిన చాప ఉంది. ఆ తమిళనాడు బస్సులో, ఫోన్లో నా తెలుగు విని మాట కలిపింది.

“తాగుడు మానేకి ఆస్పత్రికి పోతా ఉండానక్కా. ఈడ తోడు లేకుంటే చేర్చుకునేది లేదన్నారు. విరుదునగర్లో అడిగి చూస్తా.”

తాగేది తనేనని గొంతు తగ్గించకుండానే చెప్పింది.

“మీ ఆయన రాలేదా?”

“ఆయప్పను రెండుతూర్లు చేర్చింది నానే. మంచం కింద పండుకొని చూసుకుంటిని. మానేసినాడని ఊరంతా మెచ్చుకొనె. ఇప్పుడు నాకు తోడు రమ్మంటే మానం పోతుందంట.”

వాడు మానితే ఘనత, ఈమె మానాలంటే పరువు తక్కువ! ఆ ఆస్పత్రికైనా సిగ్గుండొద్దూ? తాగుడు మానతానని తనంతట తాను గడప తొక్కిన మనిషిని, వెంట ఎవరూ లేరని వెనక్కి పంపుతారా? ఎవరూ లేని ఆడదానికే కదా ముందు తలుపు తీయాల్సింది!

విరుదునగర్లో ఆమె లేచింది. నా నోరు ఊరుకోలేదు.

“అక్కడ మంచం ఇస్తారు కదమ్మా, చాపెందుకు?”

“నాకు కాదక్కా. తోడుండేవాళ్లు కింద పండుకునేకి,” అని, చాప చంకలో పెట్టుకుని ఒక్కతే దిగిపోయింది.