అద్దంలో నాన్న, నడివీధిలో సూర్యుడు

ఆ పిల్ల మొదటి గెలుపు, ఏడుపు మానని ఒక పసిబిడ్డకు పాస్‌పోర్టు ఫోటో తీయడం. వీధిలో ఉన్న మిగతా ఫోటో దుకాణాలన్నీ మా వల్ల కాదని తిప్పి పంపిన బిడ్డ అది. కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, తల వెనక తెలుపు తప్ప మరేమీ కనబడకూడదు. బిడ్డకేమో ఈ షరతులన్నిటితోనూ పేచీయే. ఆమె నేలమీద బోర్లా పడుకుని తాళాలగుత్తి ఆడించింది, పిల్లిలా అరిచింది, పిట్టలా కూసింది. గొంతు పోయాక ఇక చేతకాక ఊరకే చూస్తూ కూర్చుంది. ఈవిడకు ఏమొచ్చిందని బిడ్డ ఏడుపు మాని కళ్ళు విప్పార్చి చూసింది. అంతే, తీసేసింది! అప్పటికి ఆమె ఆ వీధిలోని ఒక ఫోటో దుకాణంలో పనికి చేరి నెల నిండలేదు. ఆనాటితో అసలు పేరు పోయి, వీధి వీధంతటికీ 'కళ్ళు తెరిపించే పిల్ల' అయి కూర్చుంది.

ఆ తర్వాతివి చెప్పుకుంటూ పోతే ఇప్పట్లో తెమలదు. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య ఒక ముసలాయనను పట్టింది. ఎడమొహం పెడమొహంగా వచ్చిన ఆలుమగలను ఒకే ఫోటోలో నవ్వించి పంపింది. దుకాణం యజమానురాలు నోరు విప్పి ఒకరిని మెచ్చుకునే మనిషి కాదు. అలాంటావిడే ఊరు వెళ్ళేటప్పుడు తాళాలు ఈ పిల్ల చేతిలో పెట్టింది. ఆవిడ నేర్పిన పాఠం మాత్రం ఒక్కటే.

"తల వెనక ఈగ కూడా వాలకూడదే అమ్మాయ్!"

ఆ పాఠమే ఒకనాడు ఆమె కొంప ముంచింది.

ఆమె తండ్రి సిటీబస్సు డ్రైవరు. ఆయన తిరిగే పొడుగాటి వీధి పడమటికి గీత గీసినట్టు ఉంటుంది. ఏటా మే ఇరవైనా, మళ్ళీ జులై ఇరవైమూడునా, సూర్యుడు సరిగ్గా ఆ వీధి నడిమధ్యకు దిగి, రెండు వరసల మేడల నడుమ కూర్చుంటాడు. జనం ఆగి చూస్తారు. ఆయనకు మాత్రం ఆ ముచ్చట లేదు. ఎండకు అడ్డంగా ఉండే రేకు కళ్ళదాకా దించుకుని, ముందు బండి చక్రాలు చూసుకుంటూ నడపాల్సిందే.

"నీ సూర్యుడి అందం నాకు తెలియదమ్మా. ఇన్నేళ్ళూ నా కళ్ళలో కారం కొట్టిందే తెలుసు," అనేవాడు.

ఆ జులై నెలాఖరుకు ఆయన ఉద్యోగం అయిపోతుంది. నాన్న బస్సూ, ఆ సూర్యుడూ ఒకే ఫోటోలో ఉండాలని ఆమె పంతం. ఉన్నవి రెండే అవకాశాలు.

మే ఇరవైన కెమెరాతో వీధి మధ్య డివైడరు మీద నిలబడింది. బస్సు వచ్చింది, ఎర్రలైటు పడి ఆగింది, ఎదురుగా సూర్యుడు రాగిపళ్ళెంలా దిగాడు. ఇంతలో ఒక గొడుగు అడ్డం, అది పోగానే బస్తా మోసుకుంటూ ఒకాయన, ఆయన పోగానే ఒక కుక్క. ఈగ కూడా వాలకూడదుగా! ఆమె చెయ్యి ఊపుతూ, "కాస్త పక్కకు జరగండి బాబూ," అంటూ వీధి ఖాళీ అయ్యేదాకా ఆగింది. పచ్చలైటు పడి బస్సు కదిలిపోయింది. వీధి ఖాళీ అయ్యేసరికి సూర్యుడూ ఖాళీ.

ఆ రాత్రి ఇంటికి వచ్చి చెప్పుల తాళ్ళు విప్పుకుంటూ తండ్రి అడిగాడు.

"పడిందా?"

"లేదు నాన్నా. జనం అడ్డొచ్చారు."

"జనం లేని వీధిలో బస్సెందుకే పిచ్చిమొహమా? నా సర్వీసంతా వాళ్ళను చూసుకుని బ్రేకు తొక్కడమేగా!"

ఆమె ఉక్రోషంతో అన్నం కంచం ముందునుంచి లేచిపోయింది. తండ్రి మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

జులై వచ్చింది, వానలూ వచ్చాయి. ఇరవైమూడున పొద్దుటినుంచీ మబ్బే. యజమానురాలు ఆకాశం చూసి పెదవి విరిచింది. "ఈ వానలో ఎక్కడికే? కెమెరా తడిస్తే మళ్ళీ కొంటావా?"

"ఇవాళ కాకపోతే మా నాన్న ఇక ఆ సీట్లో ఉండరండీ," అని ఆమె మెట్లు దిగిపోయింది.

డివైడరు మీద తడుస్తూ నిలబడింది. బస్సు వచ్చి ఎర్రలైటు దగ్గర ఆగింది. అప్పుడు పడమట మబ్బు అడుగున ఒక సందు విడింది. వీధి ఈ చివరనుంచి ఆ చివరకు తడి రోడ్డంతా బంగారం పూసినట్టయింది. గొడుగులు, బడి సంచులు, సైకిళ్ళు అన్నీ అడ్డమే. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి లేచింది. లేచిన చేతిని మళ్ళీ కెమెరా మీదికే తెచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే బస్సు పక్క అద్దంలో తండ్రికి వెనక నిలబడ్డ కూతురు కనబడింది. కూతురికి ఆ అద్దంలోనే తండ్రి కనబడ్డాడు. ఆయన చెయ్యెత్తి రేకు పైకి తోసేశాడు. వెలుగు మొహం నిండా పడింది. ఆమె నొక్కేసింది.

ఫోటోలో అన్నీ ఉన్నాయి. సూర్యుడు, గొడుగులు, బస్సు, అద్దంలో ఆయన నవ్వు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాయి.

యజమానురాలు కళ్ళజోడు సవరించుకుని చూసింది. "కళ్ళు మూశాడు, వెనక సంతంతా ఉంది. ఏ ఆఫీసువాళ్ళూ తీసుకోరిది!" అంటూనే కిటికీ అద్దంలో పెళ్ళికూతురి ఫోటో తీసేసి దీన్ని పెట్టింది.

తండ్రి దాని ముందు చాలాసేపు నిలబడి, "ఊరందరి కళ్ళూ తెరిపించిన పిల్లకు సొంత తండ్రి దగ్గర పరువు పోయిందే!" అన్నాడు. నవ్వబోయి ముక్కు తుడుచుకున్నాడు.

ఆ ఫోటో పెద్ద పట్నంలో ప్రదర్శనకు వెళ్ళింది, వెయ్యి ఫోటోల్లో ముందు వరసలో నిలిచింది. ఈ మార్చిలో అక్కడివాళ్ళు తమ వీధుల్లో సూర్యుణ్ణి తీసిపెట్టమని ఆమెను పిలిపించుకున్నారు. తండ్రి ఇప్పుడు ఆ బస్సులో ప్రయాణికుడు. ఎక్కిన ప్రతిసారీ కొత్త డ్రైవరుకు అదే చెబుతాడు. "మే ఇరవయ్యో తేదీ ఆ సిగ్నల్ దగ్గర నిమ్మళంగా పోవయ్యా. నేనూ మా అమ్మాయీ డివైడరు మీద ఉంటాం. ఈసారి నేను కళ్ళు తెరుచుకుని చూడాలి."

ఆమె పట్నంనుంచి తిరుగు టికెట్టు కొనేసింది. ఇల్లు చేరేది మే పంతొమ్మిదిన.