జమ్మూ బండికి బెజవాడలో హీటరు

బెజవాడలో కూలరు కోసం తిరిగినవాళ్ళు, ఏసీ కోసం తిరిగినవాళ్ళు కోకొల్లలు. హీటరు కోసం తిరిగినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. మొన్న డిసెంబరులో ఒక రోజంతా ఆ పని మీదే తిరిగాను. మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం పడొచ్చు కనుక ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడికి వెళ్ళి ప్రయోజనం లేదో రాస్తున్నాను. పనిలో పనిగా కొందరికి దణ్ణం కూడా పెట్టుకోవాలి.

మావారికి సొంత లారీ ఉంది. ఉయ్యూరు గోడౌన్ల నుంచి పసుపు ఎత్తుకుని జమ్మూ వెళ్తారు, తిరుగు లోడుకి ఆపిల్ పెట్టెలు తెస్తారు. పోయిన చలికాలం అలా వెళ్ళొచ్చిన మర్నాడు స్నానాల గదిలో వేణ్ణీళ్ళ బకెట్టు పెట్టి, చన్నీళ్ళు తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ వేణ్ణీళ్ళు చెంబుతో తీసి కాళ్ళ మీద పోసేసుకున్నారు. పొగలు కక్కుతున్న నీళ్ళు. నేను కెవ్వుమన్నాను. ఆయన మాత్రం "ఇంకా కాగలేదేంటి?" అని అడిగారు.

చలికి పాదాల్లో స్పర్శ పోయిందని ఉయ్యూరు డాక్టరు గారు చెప్పారు. మళ్ళీ ఇలాగే అయితే వేళ్ళు తీసేయాల్సి రావచ్చన్నారు. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. బండిలో హీటరు పనిచేయడం లేదు. కొండ దారిలో అద్దం లోపల ఆవిరి పట్టేసి, తువ్వాలుతో తుడుచుకుంటూ నడిపారట. ఒకచోట దారి కనపడక బండి పక్క కాలవలోకి ఒరిగిందట కూడా.

హీటరు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజన్లో కాగిన నీళ్ళు పైపుల గుండా క్యాబిన్ వైపు వస్తాయి. దారిలో కుళాయిలాంటి చిన్న వాల్వు ఉంటుంది. నాబ్ అటు తిప్పితే అది తెరుచుకుని వేడి గాలి వస్తుంది, ఇటు తిప్పితే మూసుకుంటుంది. మా బండిలో అది సరిగా మూసుకోక, ఎండాకాలంలో ఏసీ వేసినా వేడి గాలే కొట్టేది. మా మెకానిక్ వాల్వు పీకేసి, పైపులు రెండూ ఒకదానికొకటి కలిపేశాడు. ఏసీ చల్లగా వచ్చింది, అందరూ సంతోషించారు. మన వైపు లారీ హీటరుకి పట్టే గతి ఇంతే. చలి ఉన్న ఊళ్ళకి వెళ్ళే బండి అని ఎవరికీ తట్టలేదు, నడిపే మనిషికి కూడా!

హీటరు బాగు చేయించందే జమ్మూ లేదని నేను భీష్మించుకున్నాను. ఆయన అలాగే, అలాగే అంటూ దసరా దాటించారు, దీపావళి దాటించారు. చివరికి లోడు రోజు వచ్చింది. ఆ పొద్దున గోడౌను దగ్గర బస్తాలు ఎక్కుతుండగా టూల్ బాక్సులోంచి పాత వాల్వు తీసి నా చేతిలో పెట్టారు.

"బస్తాల దగ్గర నేనుండాలి. నువ్వే వెళ్ళిరా సుజాతా. సాయంత్రం బండి కదలాలి, పార్టీకి మాటిచ్చాను. దొరక్కపోతే మాత్రం ఇంక గొడవ పెట్టకు."

"దొరక్కపోతే చక్రాలకి అడ్డం పడుకుంటా" అని చెప్పి బస్టాండుకి నడిచాను.

ఏడున్నరకి బందరు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు లేదు కనుక బస్సు నిండా మేమే ఉన్నాం. కంకిపాడులో సీటు దొరికింది. పక్కనున్నావిడ పటమటలో ఏదో కాలేజీలో లెక్చరరట. నా ఒళ్ళో కాగితం చుట్టిన వాల్వు చూసి, "కుళాయాండీ?" అని అడిగింది.

"కాదండీ, లారీ హీటరు వాల్వు."

"హీటరా! మేం సంక్రాంతికి కూడా ఫ్యాను ఆపమండీ" అని నవ్వింది. మావారి కాళ్ళ సంగతి చెప్పాక నవ్వు ఆపేసింది. దిగే ముందు, "ఆటోనగర్ వెళ్ళాల్సొస్తే, వచ్చేటప్పుడు బస్టాండు దాకా రాకండి. అక్కడి గేటు దగ్గరే ఎక్కేయండి, బోలెడు టైము కలిసొస్తుంది" అని చెప్పింది. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి.

మావారు మొదట గవర్నర్‌పేటలో తనకి తెలిసిన స్పేర్‌పార్ట్స్ షాపుకి వెళ్ళమన్నారు. అక్కడ షట్టర్లు పదికిగానీ లేవవు. ఈలోగా పక్క సందులో ఇడ్లీ తిన్నాను. అల్లం పచ్చడి ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి గానీ ఇంకో రెండు చెప్పాను. షాపాయన పెద్దమనిషి. వాల్వు అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా పెదవి విరిచారు.

"ఇక్కడ ఎవరడుగుతారమ్మా ఇది? పుణె నుంచి తెప్పించాలి. వారం పడుతుంది."

"సాయంత్రానికి కావాలండీ."

"పోనీ పైపులు కలిపించేయండి. ఏసీ బ్రహ్మాండంగా వస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మనిషి అంతటితో వదిలేయలేదు. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, నలుగురైదుగురికి ఫోన్లు చేశారు. ఎవరి దగ్గరా లేదు. చివరికి కాసేపు ఆలోచించి, "ఆటోనగర్లో ఏసీ పని చేసేవాళ్ళని అడగండమ్మా. పీకేది వాళ్ళేగా, పీకినవి వాళ్ళ దగ్గరే ఉండాలి" అన్నారు. ఆ మాట కోసమైనా గవర్నర్‌పేట వెళ్ళడం మంచిదైంది.

సిటీ బస్సు బెంజి సర్కిల్ దగ్గర ఈడిగిలపడి, పటమట దాటి ఆటోనగర్ చేరేసరికి పన్నెండు అయింది. సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, రంగు వాసన. ఆడమనిషిని చూసి దారి తప్పాననుకున్నారు కాబోలు, "ఏ కాలనీకి వెళ్ళాలమ్మా?" అని ఇద్దరు అడిగారు. మొదటి షెడ్డులో హీటరు మాట ఎత్తగానే పనివాళ్ళు ముఖముఖాలు చూసుకుని, పైపులు కలిపించేయమన్నారు. రెండో షెడ్డాయన నొచ్చుకుంటూ, "నిన్నటిదాకా మూడున్నాయండీ. పొద్దున్నే పాతసామాన్ల బండి వస్తే వేసేశాం" అన్నాడు. పొద్దున్నే! నేను గవర్నర్‌పేటలో రెండోసారి ఇడ్లీ చెప్పిన వేళకన్నమాట. మనసు చివుక్కుమంది. గేటు దగ్గర మెస్సులో భోజనానికి కూర్చున్నాను గానీ గోంగూర కూడా సహించలేదు. వడ్డించే ఆవిడ చూసి, "పెరుగన్నమైనా తినండమ్మా, తిరిగే ఓపికుండాలిగా" అని అడక్కుండానే గరిటెడు పెరుగు వేసింది. తిన్నాను. నిజంగానే ఓపిక వచ్చింది.

రెండింటికి మూడో షెడ్డుకి వెళ్ళాను. మెకానిక్ పేరు కోటేశ్వరరావు. ఒక లారీ క్యాబిన్ పైకి లేపి ఏసీ గ్యాసు నింపుతున్నాడు. ఆ లారీ ఓనరు సాంబశివరావు గారు, అరవై దాటిన మనిషి, స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నారు. నేను వాల్వు చూపించి అడిగాను.

"ఇవి మేం ఉంచమండీ, పారేస్తాం" అన్నాడు కోటేశ్వరరావు. "ఆ పైపులు రెండూ కలిపించుకోండి..."

ఆ మాట ఆ రోజుకి అప్పటికి మూడోసారి. ఇంక పట్టలేకపోయాను.

"మీరందరూ ఇలా పైపులు కలిపీ కలిపీ మా ఆయన కాళ్ళు తీయించేట్టున్నారు! ఈ ఊరు దాటితే చలి ఉంటుందని ఒక్కళ్ళకీ తెలీదా?"

షెడ్డులో చప్పుళ్ళు ఆగిపోయాయి. సాంబశివరావు గారు టీ గ్లాసు కింద పెట్టారు.

"ఏ లైను చెల్లెమ్మా మీవారిది?"

"జమ్మూ అండీ. ఇవాళ సాయంత్రం బయల్దేరాలి." కాళ్ళ సంగతి, కాలవ సంగతి, డాక్టరు గారి మాట అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన నా చేతిలోంచి వాల్వు తీసుకుని, లేచి తన బండి దగ్గరికి వెళ్ళి ఇంజన్ పక్కన వంగి చూశారు.

"కోటేశ్వరరావూ, ఇదీ అదీ ఒకటేగా?"

"ఒకటేనండీ. ఆ తిప్పే పుల్ల మాత్రం ఇటుంది. వంచి పెట్టొచ్చు."

"అయితే నాది తీసి ఆవిడకిచ్చెయ్."

"సాయంత్రం మీ బండికి బియ్యం లోడుందన్నారుగా? నీళ్ళు దింపాలి, మళ్ళీ పోయాలి, ఆలస్యమవుద్దండీ."

"గంట ఆలస్యమైతే బియ్యం మొలకెత్తవులే. తియ్యి."

నేను మొహమాటపడి వద్దండీ అనబోయాను. కానీ మొహమాటానికి పోయే పరిస్థితి కాదు నాది.

"నా బండి బందరు దాటి ఎటూ పోదు చెల్లెమ్మా. కొన్నాక ఆ నాబ్ ఒక్కసారి కూడా తిప్పలేదు. కుర్రతనంలో నేనూ పైకి తోలాను. ఆ చలి నాకు తెలుసు" అన్నారాయన.

ఊడదీసిన వాల్వు చూస్తే, కంపెనీలో బిగించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. రంగైనా పోలేదు. పొద్దున్నుంచి నేను తిట్టుకుంటున్నది ఈ ఊళ్ళో హీటరు ఎవరికీ అక్కర్లేదనేగా? ఎవరికీ అక్కర్లేదు కనుకే అది అంత కొత్తగా నా కోసం మిగిలి ఉంది. చలిదేశంలో అయితే ఈపాటికి అరిగిపోయి ఉండేది. కాబట్టి చదివేవాళ్ళకి నా సలహా ఇదే. లారీ హీటరు వాల్వు కావాలంటే షాపుల చుట్టూ తిరక్కండి. మన ఆటోనగర్లో పీకేయబోయే బండి ఏదో చూసుకోండి.

కోటేశ్వరరావు వాల్వు మూసి మగ్గుతో నీళ్ళు పోశాడు. చుక్క కారలేదు. తెరిచాడు, నీళ్ళు బుడబుడా అతని చెప్పుల మీదే పడ్డాయి. "ఇంక తిట్టకండి మేడమ్" అన్నాడు నవ్వుతూ. రెండు కొత్త పైపు ముక్కలు, బిగించే క్లిప్పులు తనే కాగితంలో చుట్టి ఇచ్చాడు. సాంబశివరావు గారు డబ్బు మాట ఎత్తనివ్వలేదు. "బస్సు పోతుంది, ముందు బయల్దేరండి" అని గేటు దాకా వచ్చి, రోడ్డు మధ్యలోకి వెళ్ళి చెయ్యెత్తి బస్సు ఆపారు. ఎక్కి కూర్చుని, కండక్టరుకి ఆధార్ చూపించి, కానూరు దాటాకగానీ ఆయన ఫోన్ నంబరైనా అడగలేదని గుర్తురాలేదు. ఇంత కృతజ్ఞత ఒళ్ళో పెట్టుకుని ఎవరికి చెప్పాలో తెలియక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇది ఆయన కంటపడితే బావుండును.

ఉయ్యూరు దగ్గరికి వచ్చాక చెరుకు ట్రాక్టర్లు అడ్డం పడ్డాయి. ఫ్యాక్టరీ ఆడే రోజులు కదా, రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. నాలుగున్నర దాటింది. ఎప్పటికి కదులుతుందని కండక్టరుని అడిగితే, "చెరుకు కదిలితే మనం కదుల్తామండీ" అన్నాడు. దిగి నడక మొదలుపెట్టాను. స్కూటరు మీద వెళ్తున్న ఒకాయన నా నడక చూసి, "ఆసుపత్రికాండీ?" అని ఆపాడు. గోడౌనుకి అన్నాను. అయినా ఎక్కించుకున్నాడు.

మావారు లోడు మీద పట్టా కట్టిస్తున్నారు. నన్ను చూసి దొరకలేదనుకుని ఓదార్చడానికి సిద్ధమయ్యారు. కాగితం విప్పి చూపించాను. ఆయన వాల్వుని చేతిలోకి తీసుకుని, తువ్వాలుతో తుడిచి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆనాడు పైపులు కలిపిన మెకానిక్కునే పిలిపించి బిగింపించాను. దగ్గరుండి చూశాను కనుక ఈసారి ఏమీ పీకలేదు.

చీకటి పడుతుండగా బండి కదిలింది. రెండో డ్రైవరు బెజవాడలో ఎక్కుతాడు. మా ఊరి అడ్డరోడ్డు దాకా నేనూ ఎక్కాను. ఎక్కగానే నాబ్ చివరికంటా తిప్పాను. గుప్పున వేడిగాలి వచ్చింది. అసలే మన చలి ఒక చలి కాదు, కాసేపట్లో ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"చాల్లే, ఆపు. ఉడికిపోతున్నాం" అన్నారు.

"అడ్డరోడ్డు దాకా ఉండనివ్వండి."

ఆయన పక్క అద్దం కొంచెం దింపుకున్నారు. కొంత దూరం పోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"పోయినేడు కాలవలోకి ఒరిగిన రాత్రి, సిగ్నల్ లేక నీకు ఫోన్ చేయలేదని చెప్పాను కదూ?"

"అవును."

"సిగ్నలుంది. నీకు చేద్దామనే ఫోను తీశాను. వేళ్ళు ఆడలేదు. ఆఖరికి ముక్కుతో కూడా నొక్కి చూశాను, పోలేదు."

అడ్డరోడ్డు వచ్చింది. బండి ఆపారు. దిగకుండా, గేరు రాడ్డు మీదున్న ఆయన చేతిని తీసుకుని ఒక్కొక్క వేలూ పట్టుకుని చూశాను. అన్నీ వెచ్చగా ఉన్నాయి. అప్పుడు దిగాను.