నలుగురికి జరమే మేడం

కూసో బిడ్డా. గా ఫోను పక్కకు వెట్టి మంచిగ ఇను. నేను చెప్పినట్టే రాయి, నీ సొంతం కలుపకు. నాకు రాసుడు రాదు గని, యాది మాత్రం గట్టిగనే ఉన్నది.

మన ఊరి బడిల పిల్లలకు పగటి బువ్వ వండేది నేనే గద. నీ మేనత్త బిడ్డ సుత గా బడిలనే అయిదో తరగతి. దాని అమ్మనాయిన సిరిసిల్లల సాంచల మీద బట్ట నేసే పనికి పోతరు, పొల్లను నా దగ్గర ఉంచిన్రు. పొల్లకు చదువుడు రాదు. అచ్చరాలు గుర్తువడ్తది, రెండు కలిపి చదువుమంటె నోరు తెరువది. మొన్న దసరకు దాని నాయిన అచ్చి ఒక్కటే మాట అన్నడు: "అత్తా, ఈ యేడు సుత చదువుడు రాకుంటె బడి బంద్. సిరిసిల్ల తోల్కపోయి నూలు కండెలు చుట్టవెడ్త."

గంతల్నే జగిత్యాల నుంచి పెద్ద మేడం అత్తున్నదని తెలిసింది. జిల్లల బళ్లన్ని తిరుగుతదట, క్లాసుల కూసోని చదువు ఎట్ల చెప్తున్నరో సూత్తదట. మా సారు మంచోడే బిడ్డా. ఒక్కడే సారు, అయిదు తరగతులు. కిందటిసారి అచ్చినోళ్లు పిల్లల ముంగట్నే ఆయనను తిట్టిపోయిన్రు. గా బుగులు, గా భయం ఆయనకు ఇంకా పోలే. మేడం అచ్చే దినం పొద్దుగాల్నే, చదువుడు రాని నలుగురిని తోల్కచ్చి నా పొయ్యి కాడ నిలవెట్టిండు.

"అవ్వా, మేడం పోయెదాక వీళ్లను నీ దగ్గరుంచుకో. దండం పెడ్త."

"గీండ్ల నా మనుమరాలు సుత ఉన్నది గద సారూ?"

"అందుకే గద నిన్ను అడుగుతున్న."

సరే అన్న. ఎందుకన్ననో. నలుగురికి ఎల్లిగడ్డలు ఇచ్చి, పొట్టు తీయుమని కట్టెల చాటుకు కూసోవెట్టిన.

నా వంటరూముకు, క్లాసుకు నడుమ ఒక్కటే గోడ. మేడం తిడ్తదనుకొని చెవులు అటే వెట్టిన. ఆమె తిట్టలే. "తప్పులు పట్టడానికి రాలేదు సార్. చదవడం రాని పిల్లలెవరో చెప్పండి, వాళ్లతోనే కూర్చుంటా. ఎట్లా నేర్పాలో ఇద్దరం కలిసి చూద్దాం" అన్నది.

సారేమన్నడు? "అందరు చదువుతరు మేడం."

నా చేతిల గంటె పప్పులనే ఉండిపోయింది. పొల్ల నా మొఖం దిక్కే సూత్తున్నది. అది సుత ఇన్నది.

జెర సేపటికి పప్పు రుచి సూద్దామని మేడం నా కాడికే అచ్చింది.

"వీళ్లెవరమ్మా?"

"జరమచ్చింది మేడం."

"నలుగురికీనా?"

"నలుగురికి జరమే మేడం."

"జ్వరంతో వెల్లుల్లి ఒలుస్తున్నారా?" అనుకుంట మేడం మా పొల్ల నెత్తి మీద, నుదురు మీద చెయ్యి వెట్టింది. "చల్లగానే ఉందే?"

"గిప్పుడే దిగింది" అన్న. సూడు బిడ్డా, నాలికె ఎట్ల ఉరికిందో. ఆమె ఇంకొక్క మాట అడిగితె చెప్పుదునేమో. అడుగలే. పుస్తకంల అంత మంచిగున్నదని రాసి కారెక్కిపోయింది.

ఇంటికచ్చే తొవ్వల పొల్ల అడిగింది, "అమ్మమ్మా, నేను కనవడకుంటెనే బడికి మంచిదా?" అని.

తెల్లారి వంట పక్కింటామెకు అప్పజెప్పి, సారుకు చెప్పకుంట పొల్లను తీస్కొని జగిత్యాల బస్సెక్కిన. ఆఫీసుల మేడం లేదు, కోరుట్ల బడికి పోయిందన్నరు. మల్ల బస్సెక్కి కోరుట్ల వోయినం. గాడ గేటు కాడ అటెండరు అడ్డం నిలవడ్డడు.

"కాయితం రాసుకచ్చినవా అవ్వా?"

"నాకు రాసుడత్తె గీడిదాక ఎందుకత్త కొడుకా?"

మేడం బయటికచ్చేసరికి పొద్దు నెత్తి మీదికచ్చింది. ముంగటికి వోయి, "నిన్న వీళ్లకు జరం లేకుండె మేడం, అబద్ధమాడిన" అన్న. ఆమె మెట్ల మీద కూసోని పొల్ల ముంగట పుస్తకం తెరిచింది. పొల్ల నోరు తెరువలే. పుస్తకం మూసి అడిగింది, "నిన్న ఎవరు దాచారమ్మా నిన్ను?" అని. పొల్ల ఏలు వెట్టి నన్ను సూపెట్టింది. సారును గాదు. నన్ను.

మేడం నా దిక్కు మర్లింది. "ఇంకొక్కసారే రాగలనమ్మా, సోమవారం. ఆ నలుగురూ నాకు క్లాసులో కనబడాలి. సారుకు మీరే చెప్పండి" అన్నది.

సోమవారమంటె రేపే బిడ్డా. సారుకు ఇంకా చెప్పలే. మూడు దినాల సంది ఆయన ముంగటికి పోతున్న, బియ్యం లెక్క చెప్పి ఎనుకకు అత్తున్న. చెప్తె ఆ నలుగురిని ఇంట్లనే ఉండుమంటడేమో. చెప్పకుంటె ఆయన ఇజ్జత్ మల్ల పోతదేమో. నా వంట పని పోతె పోనీ. గీ పొల్ల పోయి కండెల కాడ కూసుంటె నేనెట్ల సూడాలె? మిగిలిన ముగ్గురి అమ్మలకు గియ్యాల్నే చెప్పి రావాలె. రేపు గంట కొట్టంగనే నలుగురిని ముంగటి వరుసల కూసోవెడ్త. సారు అడ్డమత్తె కాళ్లు వట్టుకుంట. గప్పటికి ఇనకుంటె, మేడం ముంగట నేనే నలుగురి చేతులు వట్టుకొని... ఆ, అత్తున్న కోడలా! మీ అమ్మ బువ్వకు పిలుస్తున్నది, లే బిడ్డా.